గుట్ట మొదట్లో విడిచిన చెప్పులు

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక మీరు నన్ను ఏ కొండకూ తోడు రమ్మని పిలవరు. కొండ దాకా ఎందుకు, వడియాలు ఎండబెట్టి రమ్మని మిద్దె మీదికి కూడా పంపరు. నా పరువు హిమాలయాల్లో, మేఘాలు కూడా ఆయాసపడే ఎత్తున, మంచులో మోకాలి దాకా కూరుకుపోయిన వైనం ఇది. అంత ఎత్తుకు వెళ్లి మరీ పరువు పోగొట్టుకున్న మనిషి కోరుట్ల మొత్తంలో నేనొక్కణ్నే.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు నలభై నాలుగు. అంటే తెలివి ఉందని అందరూ నమ్మే వయసు. ఉందో లేదో ఎవరూ పరీక్ష పెట్టని వయసు.

మా బిడ్డ శిరీష జగిత్యాలలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మే నెల చివర్లో ఒకరోజు కూలర్ ముందు కూర్చున్న నా చేతిలో ఒక కాగితం పెట్టింది.

“బాపూ, గీడ ఒక సంతకం పెట్టు.”

“ఏందిది?”

“కాలేజీల ట్రెక్కింగ్‌కు తీస్కపోతున్నరు. హిమాలయాలల్ల నేషనల్ పార్కు. సెప్టెంబర్ల. ఇరువై మందిల నా పేరు గూడ అచ్చింది.”

“హిమాలయాలా? ఆడపిల్లవు, గా మంచుల నీకేం పని?”

“మొగపిల్లలకైతే మంచు కమ్మగుంటదా బాపూ?”

జవాబు లేనప్పుడు తండ్రులు చేసే పనే నేనూ చేశాను: గొంతు పెంచాను.

“చూడకుండ ఎట్ల సంతకం పెడుత?”

“జూన్ నెలాఖరులోపల ఇయ్యాలె బాపూ. లేకుంటే నా జాగల ఇంకొగలను ఏసుకుంటరు.”

“గంతలోపల నేనే పోయి చూసొస్త. మంచిగుంటే పెడుత. లేకుంటే లేదు.”

మీరు నవ్వుతున్నారని తెలుసు. కానీ మా ఇంటి పద్ధతి అది. మా చెల్లెను మెట్‌పల్లికి ఇచ్చేటప్పుడు మా బాపు ఆ ఇల్లు చూడడానికి మూడుసార్లు వెళ్లాడు. బర్రెలను లెక్కపెట్టాడు. బాయి నీళ్లు తాగి చూశాడు. పెండ్లికొడుకు నానమ్మ గురక పెడుతుందా అని పక్కింటివాళ్లను అడిగాడు. బిడ్డను పంపే చోటు కళ్లారా చూసి రావాలి. అది మెట్‌పల్లి అయితేనేం, హిమాలయం అయితేనేం?

ఇక్కడ మీకు మాత్రం ఒక నిజం చెప్తాను, మా ఇంట్లో చెప్పకండి. నేను బయలుదేరింది చూసి రావడానికి కాదు, ఏదో ఒక వంక పెట్టి రావడానికి. పిల్ల నల్లగా ఉంది, ఊరు దూరంగా ఉంది అని సంబంధాలకు వంకలు పెట్టే పెద్దమనుషుల్లాగా, నేను ఒక పర్వతానికి వంక పెట్టాలని పట్టుదలతో ఉన్నాను.

“ఎండలకు మతి తప్పిందా గీ మనిషికి?” అంది మా ఇంటామె. “అత్తగారిల్లు చూసొచ్చినట్టు గుట్టను చూసొస్తడట!”

శిరీష మాత్రం ఫోన్‌లో వివరాలు వెతుకుతూ కూర్చుంది. బయలుదేరే రోజు పొద్దున నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తెచ్చిచ్చింది.

“బాపూ, సీజన్ సీజన్‌కు దారి మారుతదట. నువ్వు పోయేది జూన్ మొదట్ల. గేటు అప్పుడప్పుడే తీస్తరు. అన్ని ఇందుల రాసిన, జర చదువుకో.”

“నాకు చెప్తవా బిడ్డా? తొమ్మిదిసార్లు కొండగట్టుకు వట్టికాళ్లతోని నడిచినోన్ని!” అని ఆ కాగితాన్ని చదవకుండానే అంగీ జేబులో వేసుకున్నాను.

ఆ తొమ్మిది నడకల గురించి చెప్పకపోతే తరువాత జరిగింది మీకు అర్థం కాదు. కోరుట్ల నుంచి జగిత్యాల మీదుగా కొండగట్టు అంజన్న దగ్గరికి నడిచి వెళ్లేవాడు వెంట ఏమీ తీసుకెళ్లనక్కర్లేదు. ఊరూరా పందిరి. ఒకరు మజ్జిగ ఇస్తారు, ఒకరు పుచ్చకాయ ముక్క పెడతారు. వద్దంటే అలుగుతారు. మల్యాల దగ్గరికి వచ్చేసరికి పులిహోర విస్తరి మీద విస్తరి. గుట్ట మొదట్లో చెప్పులు విడిచేవాళ్లు విడుస్తారు. నాకు విడవడానికి చెప్పులే ఉండవు. నిజం చెప్పాలంటే, నడక మొదలుపెట్టినప్పటికంటే గుట్ట చేరేసరికి నేను రెండు కిలోలు పెరిగేవాణ్ని. కొండ ఎక్కడమంటే నాకు తెలిసింది ఇదే.

నాకు తోడు మా చెల్లె మొగుడు, గంగాధర్ బావ. పన్నెండేళ్లు మస్కట్‌లో కట్టడాల పని చేసి వచ్చినవాడు. ఇనుప ముక్కు ఉన్న కంపెనీ బూట్లు, ఎడారిలో కొన్న ఉన్ని కోటు వేసుకుని దిగాడు. నా సామాను: రెండు లుంగీలు, సిరిసిల్లలో నేసిన ఒక టవల్, కాళ్లకు తోలు చెప్పులు.

“తినుటానికేమన్న పట్టుకున్నవా బామ్మర్దీ?”

“తొవ్వ పొంటి పెడ్తరు బావా.”

“ఎవలు పెడ్తరు?”

“ఎవలో ఒకలు పెడ్తరు. పుణ్యభూమి గద!”

రెండు రైళ్లు, మూడు బస్సులు, బావ తిన్న పద్నాలుగు సమోసాలు దాటాక ఆ పార్కు గేటు దగ్గర దిగాం. పార్కు పేరు చెప్పను. చెప్తే అక్కడివాళ్లు నన్ను గుర్తుపడతారు.

గేటు దగ్గర గార్డుగా ఉన్నది ఒక అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఖాకీ బట్టలు, తలకు ఉన్ని టోపీ, ముందు ఒక లావుపాటి రిజిస్టర్. మా పేర్లు రాసుకుని హిందీలో గడగడా చెప్పింది: గేటు తీసి నాలుగు రోజులే అయింది, దారిలో టీ కొట్లు ఇంకా తెరవలేదు, తిండి వెంట తీసుకెళ్లండి. సగం దారిలో వాగు మీద మంచు వంతెనలా గడ్డకట్టి ఉంటుంది, దాన్ని పొద్దున దాటాలి. మధ్యాహ్నం ఎండకు మెత్తబడుతుంది, ఒంటిగంటలోపు వెనక్కి దాటి వచ్చేయాలి.

“సమజైందా అంకుల్జీ?”

నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, తొమ్మిదిసార్లు కొండగట్టు నడిచినవాడికి కొండ గురించి చెప్పడమా!

“హమ్‌కో సబ్ మాలూమ్ బేటీ,” అన్నాను, ఆ పక్కనే ఉన్న హిమాలయాలకు కూడా వినిపించేలా.

గేటు దాటి మలుపు తిరగ్గానే చిన్న రాతి గూడు. లోపల ఏదో దేవుడు, పైన ఎర్ర జెండా, ఒక గంట. నా కాళ్లు వాటంతట అవే ఆగాయి. గంట కొట్టాను, దండం పెట్టాను, చెప్పులు విడిచి గూడు పక్కన బుద్ధిగా జతగా పెట్టాను. ముందుకు నడిచాను.

“బామ్మర్దీ! చెప్పులు మరిచినవ్!”

“మరువలె బావా. ఇడిసిన. గుట్ట ఎక్కుతున్నం.”

“గిది దేవుని గుట్ట గాదయ్యా, సర్కారు గుట్ట! టికెట్ కొన్నం గద!”

“నువ్వు గూడ బూట్లు ఇడువు.”

“పన్నెండేండ్లు కంపెనీల బూట్లు లేకుంటే గేటు లోపలికి రానియ్యకపోయేటోళ్లు. నేను ఇడువ. కావాల్నంటే నీ దేవునికి నేనే ఫోన్ చేసి చెప్త.”

మొదటి గంట బాగానే నడిచింది. రాళ్లు చల్లగా, గాలి కమ్మగా. అరగంటకోసారి నేను మజ్జిగ పందిరి కోసం మెడ చాచి చూస్తున్నాను. ఒక మలుపులో నిజంగానే పందిరి కనిపించింది! పరుగెత్తాను. నాలుగు కర్రలు, చిరిగిన టార్పాలిన్, పొయ్యిలో పోయిన ఏటి బూడిద.

“ముందట ఉంటది బావా. ఇది చిన్న ఊరు.”

“ఊరు ఏడుందిరా? నువ్వు, నేను, గా కాకి. గంతే.”

రెండో పందిరి దగ్గర కర్రలు కూడా లేవు. కాకి కూడా మమ్మల్ని వదిలేసి వెళ్లిపోయింది, వీళ్ల దగ్గర రొట్టె ముక్క కూడా రాలదని తెలుసుకుని.

తరువాత మంచు వంతెన. దాని మీద మొదటి అడుగు వేసినప్పుడు కాలు చల్లబడింది. రెండో అడుగుకు మండింది. పదో అడుగుకు ఏమీ తెలియలేదు. ఇరవయ్యో అడుగుకు, ఈ కాళ్లు నావేనా, బావవా అని వంగి చూసుకున్నాను. బావవైతే బూట్లుంటాయి కదా, నావే.

“మర్లుదామా బామ్మర్దీ?”

“పైదాక పోకుంటే వంక ఎట్ల పెడ్త బావా? సగం చూసి సంబంధం కాదంటే నలుగురు ఏమంటరు?”

అదీ నా పట్టుదల. ఆ పట్టుదలలో చిటికెడు ఏదైనా మంచి పనికి పెట్టి ఉంటే ఈపాటికి కోరుట్లకు విమానాశ్రయం వచ్చి ఉండేది.

కిందామీదా పడి పైకి చేరేసరికి ఒంటిగంట దాటింది. చుట్టూ తెల్లటి శిఖరాలు, మధ్యలో పెద్ద లోయ. శిరీష ఫోన్‌లో చూపించిన ఫొటోల్లో ఈ లోయ నిండా పూలే, నేల కనబడనన్ని రంగులు. ఇక్కడ సగం మంచు, సగం పండిపోయిన గడ్డి. ఒక్క పువ్వు లేదు. నాకు పట్టరాని ఆనందం.

“పూలు లేవు బావా! హోటల్ లేదు! తొవ్వ లేదు! సంబంధం క్యాన్సిల్!”

“అది సరే. నీ కాళ్లు నీలం రంగుకు అచ్చినయ్. ముందుగాల గవి చూడు.”

వెనక్కి తిరిగి వంతెన దగ్గరికి వచ్చేసరికి మూడు కావస్తోంది. పొద్దున రాయిలా ఉన్న మంచు పెరుగులా మెత్తబడి ఉంది. సరిగ్గా మధ్యలో, మా ఇంటి నీళ్ల గోలెమంత బొక్క. దాని కింద వాగు రోడ్డు రోలర్‌లా గర్జిస్తోంది. బావ కర్రతో పొడిస్తే కర్ర మునిగింది, మళ్లీ పైకి రాలేదు.

ఇద్దరం ఒక బండ మీద కూలబడ్డాం. నా కాళ్లకు కట్టడానికి బావ సిరిసిల్ల టవల్‌ను రెండు ముక్కలు చేయబోయాడు. చేతులతో గుంజాడు, పళ్లతో పట్టి గుంజాడు, ఒక కొస నేనూ ఒక కొస ఆయనా పట్టుకుని గుంజాం. సిరిసిల్ల నేత అది, ఒక్క పోగు కదిలితే ఒట్టు. చివరికి ఒక కాలికి టవల్, ఒక కాలికి లుంగీ చుట్టాడు.

“జేబుల ఏమన్న ఉన్నదా? బిస్కెట్టో, బెల్లమో?”

జేబు తడిమితే దొరికింది శిరీష కాగితం. వేరే పని లేదు కాబట్టి, జీవితంలో మొదటిసారి, నా బిడ్డ రాసింది పూర్తిగా చదివాను.

జూన్ మొదట్లో పైన పూలుండవు, అవి జూలై, ఆగస్టులో పూస్తాయి. అప్పుడు వానలకు దారి మీద కొండచరియలు పడతాయి, గార్డును అడిగే కదలాలి. సెప్టెంబర్‌లో దారి ఆరుతుంది, అందుకే కాలేజీవాళ్లు అప్పుడు పెట్టుకున్నారు. జూన్‌లో కొట్లుండవు, రొట్టెలు కట్టుకో. మంచు మీద పొద్దుగాలనే దాటు, మధ్యాహ్నం అసలే వద్దు. ఆ రోజు మాకు జరిగిన ప్రతి అపాయమూ ముత్యాల్లాంటి అక్షరాలతో అందులో ఉంది. అట్టడుగున, రెండుసార్లు కింద గీత గీసి, ఇంకొక ముక్క.

“బాపూ, గుట్ట మొదట్ల చెప్పులు ఇడువద్దు.”

బావ నా భుజం మీదుగా చదివి, ఆకలిని కూడా మరిచిపోయి, ఆ బండ మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. నేను నవ్వలేదు. ఎండ శిఖరం వెనక్కి జారుతోంది. ఇక్కడ ఏమైనా అయితే, ఆ సంతకం పెట్టడానికి కూడా నేను ఉండనని తొలిసారి భయం వేసింది.

అప్పుడు వాగు అవతల ఖాకీ కనిపించింది. గేటు దగ్గరి అమ్మాయే. భుజానికి తాడు, చేతిలో మంచు గొడ్డలి. ఇంకో చేతిలో, పైకెత్తి పట్టుకుని, నా తోలు చెప్పులు.

“అంకుల్జీ! యే ఆప్‌కే హై?”

అవునని ఎలా చెప్పను? కాదని ఎలా చెప్పను? బావ చెప్పాడు: “ఉన్‌కేచ్ హై! ఉన్‌కేచ్!”

ఆమె ఎగువన గట్టిగా ఉన్న చోటు వెతికి, గొడ్డలితో మెట్లు కొట్టుకుంటూ మా దగ్గరికి వచ్చింది. సంచిలోంచి ఆలుగడ్డ రొట్టెలు తీసింది, తన మందపాటి మేజోళ్లు నాకు తొడిగింది. నడుముకు తాడు కట్టింది. తాటిచెట్టు ఎక్కే గౌడన్న మోకు కట్టుకున్నట్టు ఠీవిగా ఉన్నానని నేననుకున్నాను. “అంగడికి తోల్కపోతున్న దున్నపోతు లెక్క ఉన్నవ్,” అన్నాడు బావ.

మంచు దాటాక అడిగాను. “బేటీ, మీ బాపు నిన్ను ఈ పనికి ఎట్లా పంపాడు? ముందు వచ్చి చూసిపోయాడా?”

ఆమె తాడు చుట్టుకుంటూ చెప్పింది. “నాన్న ఈ కొండ ఎప్పుడూ ఎక్కలేదు అంకుల్జీ. మోకాళ్ల నొప్పులు. నేను చూసి వచ్చి చెప్తే వింటాడు, అంతే.”

మిగతా దారంతా ఆమె అడుగు పెట్టిన చోటే నేనూ అడుగు పెట్టాను. గేటు దగ్గర ఆమె రిజిస్టర్‌లో నా పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో ఏదో రాసింది. ఏమి రాసిందో అడిగే ముఖం నాకు లేదు.

ఇంటికి రాగానే కాగితం అడిగి, నిలబడ్డపళంగా సంతకం పెట్టాను.

“గుట్ట ఎట్లున్నది బాపూ?”

“గుట్ట మంచిదే బిడ్డా. చూడపోయినోడే మంచిగ లేడు.”

ఆమె నా కాళ్ల కేసి చూసింది. “ఇడ్సినవా?”

నేను పైకప్పు కేసి చూశాను. ఆలోపే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో బావ నా లుంగీ కాలి ఫొటో పెట్టేశాడు.

సెప్టెంబర్‌లో శిరీష వెళ్లింది, చక్కగా తిరిగి వచ్చింది. మరుసటి ఏడు ఆగస్టులో, “ఈసారి పూలున్నప్పుడు చూపిస్త రా బాపూ,” అని నన్నూ బావనూ తీసుకెళ్లింది. గేటు దగ్గర అదే అమ్మాయి. నా పేరు వినగానే పాత రిజిస్టర్ తీసి, ఎర్ర సిరా ఉన్న పేజీ మా ముందు పెట్టింది.

“ఈయన్ను ఊరికే పంపలేను. బాధ్యత తీసుకునే పెద్దవాళ్లెవరైనా సంతకం పెట్టాలి.”

బావ ముందుకు జరిగాడు. ఆమె ఆయన కేసి ఒకసారి చూసి, కలం శిరీష చేతికిచ్చింది.

నా బిడ్డ కలం పట్టుకుంది. కానీ రాయలేదు. నా కేసి తిరిగి, మా ఇంట్లో తరతరాలుగా వస్తున్న మాట అంది:

“చూడకుండ ఎట్ల సంతకం పెడుత?”

వంగి, నా బూట్ల లేసులు రెండుసార్లు గుంజి చూసి, అప్పుడు పెట్టింది.

కాబట్టి, పాఠకులారా, కొండగట్టు అంజన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా బిడ్డ రాసిచ్చిన కాగితాన్ని చదవకుండా జేబులో వేయను, ఏ పర్వతానికీ సంబంధం చూడడానికి వెళ్లను, రొట్టెలు కట్టుకోకుండా గడప దాటను. ప్రమాణం చేసేటప్పుడు చెప్పులు విడవాలని పద్ధతి. క్షమించాలి, అంజన్నా. ఇది మాత్రం బూట్లు వేసుకునే చేస్తున్నాను.