డ్యూటీ దిగాక నవ్వాను

ఫౌజులో హవల్దారుగా రిటైరయ్యాక సెక్యూరిటీ గార్డుగా ఖతర్ వెళ్లాను. దోహాలో దిగింది ఆగస్టులో. విమానం మెట్ల మీదే చొక్కా వీపుకు అంటుకుపోయింది. రాజస్థాన్ సరిహద్దు చూసినవాణ్ణి, ఎండ నాకు కొత్త కాదు. ఆ ఉక్కపోత కొత్త. యూనిఫాం, బూట్లు, ఈల, వాకీటాకీ ఇచ్చారు. పోస్టు అల్ రయ్యాన్‌లో ఒక నాటకశాల వెనక గేటు.

చలికాలంలో అక్కడికో అమెరికన్ హాస్యనటుడు వచ్చాడు. ఎనభై దాటినవాడు. కుర్రతనంలో వీధుల్లో మొదలుపెట్టి రేడియో, సినిమా, టీవీ అన్నీ ఏలాడట. యుద్ధాలు జరిగే చోట్లకు వెళ్లి సిపాయిలను నవ్వించాడట. ఆయనకో అలవాటు. కొత్త అంశమేదైనా ముందు గేటు కాపలావాడికి చేసి చూపిస్తాడు. వాడు నవ్వితేనే స్టేజీ ఎక్కిస్తాడు.

ఆ సాయంత్రం కాపలావాణ్ణి నేనే. సెల్యూట్ కొట్టబోతే ప్యాంటు జారిపోయే సిపాయిగా ఆడాడు. ఒక చెయ్యి నుదుటికి, ఒక చెయ్యి నడుముకు. జనరల్ దగ్గరికొచ్చేసరికి ఏ చెయ్యి ఎక్కడుండాలో తెలియదు. నాకు పొట్ట చెక్కలవుతోంది. మొహం మాత్రం కదల్లేదు. నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఫౌజులో ఐదోది కూడా ఉంది, పనిష్మెంటు. ఆయన మళ్లీ చేశాడు. నేను రాయిలా నిలబడ్డాను. తలవంచుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఆయన్ను తిప్పే కడప డ్రైవరు వచ్చాడు.

"ఏందన్నా, పెద్దాయన షో వద్దంటాండాడు. నువ్వు ఫౌజులో చేసినోడివని నేనే చెప్పింటి. సిపాయే నవ్వలేదంటే ఇంక ఈ పని మానేసే కాలమొచ్చిందంట."

"డ్యూటీల నవ్వద్దు తమ్మీ. ఆరింటికి దిగుత."

"అంతవరకు ఉంటాడా? ఒక్క నవ్వు నవ్వితే నీ సొమ్మేం పోతాది?"

సొమ్ము పోదు, పద్ధతి పోతుంది. అయినా భయమేసింది. బాంబులకు వెనక్కి తగ్గని మనిషిని నా మూతి ఇంటికి పంపేయడమా? వాకీటాకీ తీసి, నా తర్వాత డ్యూటీకి రావాల్సిన నేపాలీ గార్డును తొందరగా రమ్మని పిలిచాను.

"యల్లా భాయ్, జల్దీ ఆ."

పాపం, బొత్తాలు పెట్టుకుంటూనే వచ్చాడు. ఈల అప్పగించాను. తాళాలు అప్పగించాను. గేటు దాటి రెండడుగులు వేసి, అప్పుడు వదిలాను. ఆపుకున్న నవ్వంతా ఒక్కసారే వచ్చింది. గోడ పట్టుకున్నాను, ఆగలేదు. నేల మీద కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వాను. నేపాలీ గార్డు నాకు దయ్యం పట్టిందనుకున్నాడు.

ఆ రోజు షో జరిగింది. జారే ప్యాంటుకు హాలు హాలంతా లేచి నిలబడిందని డ్రైవరు చెప్పాడు.

కాంట్రాక్టు అయిపోయి ఊరొచ్చాను. "దుబాయ్‌ల ఏం సూసినవే?" అని అడుగుతారు మావాళ్లు. ఖతర్ అని దిద్దడం ఎప్పుడో మానేశాను. మేడలేవీ నాకు గుర్తుకు రావు. కళ్లు మూస్తే ఒకటే కనబడుతుంది. నా నవ్వు విని, ఒక కాలికే బూటుతో గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చిన ఆ పెద్దాయన, నేల మీద దొర్లుతున్న నాకు నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.