వేళ్లకు అందని గాటు

గవర్నరుపేటలోని ఒక ప్రెస్సులో అంతోని ఇరవయ్యేళ్లుగా కంపోజిటరు. మెడ వంచి, అచ్చుకిచ్చిన కాపీ మీది నుంచి చూపు తిప్పకుండా సీసపు అక్షరాలు ఏరి పేరుస్తాడు. ప్రతి అక్షరానికీ ఒక పక్క చిన్న గాటు ఉంటుంది. అది బొటనవేలికి తగిలితే అక్షరం నిటారుగా ఉన్నట్టే. మెడనొప్పికి వెన్నుపూసల మధ్య స్టెరాయిడ్ ఇంజక్షన్ చేయించుకుని మూడు వారాలైంది. నొప్పి పోయింది, వేళ్లలో స్పర్శా పోయింది. సూది వెన్నుపాముకు తగిలినట్టుందని, స్పర్శ తిరిగి వస్తుందో లేదో చెప్పలేనని డాక్టరే అన్నాడు. చొక్కా గుండీలు ఇప్పుడు భార్య అమలమ్మ పెడుతోంది. ప్రెస్సులో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ శుభలేఖ ప్రూఫులో ఏడు అక్షరాలు తలకిందులుగా వచ్చాయి.

"ఏమోయ్ అంతోనీ, పెళ్లికొడుకు చేత శీర్షాసనం వేయించావే!" అన్నాడు యజమాని వెంకటప్పయ్య. "సైటొచ్చినట్టుంది, కళ్లజోడు కొనుక్కో."

"అలాగేనండీ."

ఒక్కొక్క అక్షరాన్నీ చూసి పెడితే రోజుకు సగం పేజీ కూడా తెమలదు. అలాంటివాణ్ని ఎవరూ పనిలో ఉంచుకోరు. వెంకటప్పయ్య గదిలోకి వెళ్లేదాకా ఆగి, అంతోని తర్వాతి అక్షరం తీసి పెదవికి ఆనించుకున్నాడు. చల్లగా, సిరా వాసనతో, గాటు తెలిసింది. కాపీ మీది నుంచి చూపు తిప్పకుండా ఇంకొకటి తీశాడు.