సమ్మయ్య ఇంటిపేరు

మా అమ్మాయి చిన్నప్పుడు... అమీర్‌పేటలో మా మేడ మీద గదిలో అద్దెకు దిగిన కుర్రాడి తండ్రికి నేనొక మాట ఇచ్చాను. "మీవాడికి ఫోనొస్తే ఎంత పనిలో ఉన్నా పిలిచిపెడతాం" అని. ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను.

సాఫ్ట్‌వేర్ జోరు మొదలైన రోజులవి. మధురానగర్ నుంచి అమీర్‌పేట చౌరస్తా దాకా ఏ గోడ మీద చూసినా కంప్యూటర్ కోర్సుల కాగితాలే... గది ఖాళీ ఉన్న ప్రతి ఇంట్లోనూ విద్యార్థులే. మా గదిలోకి సమ్మయ్య వచ్చాడు. హుజూరాబాద్ దగ్గర పల్లె. ఎంసీఏ ఆఖరి సంవత్సరం. తండ్రి బియ్యం మూట మోసుకుని వెంట వచ్చాడు. గడప దాటి లోపలికి రాలేదు.

"కంపెనోళ్లు ఫోన్ జేస్తరంట సారూ. జర మావోనికి చెప్పుండ్రి" అన్నాడు. అంతకు మించి ఏమీ అడగలేదు ఆ మనిషి.

ఇప్పటి పిల్లలకు తెలియదేమో... అప్పట్లో విద్యార్థులు దరఖాస్తుల్లో ఇంటివాళ్ళ ఫోన్ నంబరు రాసి పక్కన 'పి.పి.' అని పెట్టేవారు. అంటే ఫోను మాది కాదు, పిలిచిపెడతారు అని అర్థం. నాలుగో తరగతి చదివే మా అమ్మాయికి ఆ పిలిచే పని మహా ఇష్టం. "సమ్మన్నా, ఫోన్" అని అరుస్తూ మెట్లెక్కేది. అతను చెప్పులు బయట విడిచి వచ్చి, రిసీవరు రెండు చేతులతో పట్టుకునేవాడు. మాట్లాడటం అయ్యాక, మా ఆవిడ అల్లిన గుడ్డ మళ్ళీ ఫోను మీద సరిగ్గా కప్పి వెళ్ళేవాడు.

బేగంపేటలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి నా టై కట్టుకుని వెళ్ళాడు. బాగా చేశానన్నాడు. మూడు రోజుల్లో బెంగళూరు నుంచి ఫోన్ చేస్తామన్నారట. వాళ్ళ ఇంట్లో చదువుకున్నవాడు అతనొక్కడే... వస్తే అదే ఆ ఇంటికి మొదటి ఉద్యోగం. రెండు రోజులు కాలేజీకి కూడా పోకుండా గదిలోనే కూర్చున్నాడు. మూడో రోజు ప్రాక్టికల్ పరీక్ష... తప్పదు గనక మాకు మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

ఆ రోజు నేను ఆఫీసులో, మా అమ్మాయి బడిలో. మా ఆవిడ పంజాగుట్టలో ఎవరిదో సీమంతానికి వెళ్ళింది. ఇంట్లో ఉన్నది మా బావమరిది ఒక్కడే. తెనాలి నుంచి ఏదో పని మీద వచ్చి వారంగా మా ఇంట్లోనే ఉన్నాడు. సమ్మయ్యకు ఫోనొస్తే వివరం రాసి పెట్టాలని అతనికీ చెప్పాం.

సాయంత్రం కాఫీలు తాగుతుంటే నవ్వుతూ మొదలుపెట్టాడు. ఎవరో ఆడపిల్ల ఫోన్ చేసి, ఇంగ్లీషులో పిల్లితో మాట్లాడాలి అందట. పెట్టేస్తే మళ్ళీ చేసిందట.

"పిల్లీ లేదు, ఎలుకా లేదు, ఇంక పెట్టెయ్యమ్మా అన్నాను బావా."

ఎవరో ఆకతాయిలనుకున్నాం. మా ఆవిడ నవ్వింది. మా అమ్మాయి మ్యావ్ అంది. నేనూ నవ్వాను...

కాసేపటికి సమ్మయ్య వచ్చి ఫోనేమైనా వచ్చిందా అని అడిగాడు. లేదన్నాను. మర్నాడూ లేదన్నాను. ఐదో రోజు అతను పంజాగుట్టలో ఎస్టీడీ బూతుకు పోయి, కంపెనీకి తనే ఫోన్ చేసి వచ్చాడు. వాళ్ళ నాన్న నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"సార్... మా ఇంటిపేరు పిల్లి" అన్నాడు.

కాలేజీలో నవ్వుతారని ఆ పేరు ఎక్కడా చెప్పేవాడు కాదు. మాకు తెలిసింది పి. సమ్మయ్య, అంతే. దరఖాస్తులో మాత్రం సర్టిఫికెట్లో ఉన్నట్టు పూర్తిగా రాయాలి కదా... ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. మన పద్ధతి తెలియని ఆ బెంగళూరు అమ్మాయి ముందున్న మాటే మనిషి పేరనుకుంది. ఆ నంబరులో అలాంటివాళ్ళు లేరన్నారు గనక, జాబితాలో తర్వాతి కుర్రాడికి ఉద్యోగం ఇచ్చేశారు.

నా ఇంటినిండా పుస్తకాలు. ఇంటిపేర్లు ఎలా పుట్టాయో పేజీలకు పేజీలు చదివినవాణ్ణి. మేడ మీద ఉన్న కుర్రాడి ఇంటిపేరేమిటో అడగాలని మాత్రం తోచలేదు.

మా బావమరిది పేపరు దించకుండానే అన్నాడు. "అలాంటి పేరు పెట్టుకుంటే మనిషని ఎవరనుకుంటారోయ్?"

"నేను పెట్టుకున్నది కాదు సార్. మా తాతలది" అన్నాడు సమ్మయ్య. గొంతు పెంచలేదు.

మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని బేగంపేట ఆఫీసుకు వెళ్ళాను. లోపలికే పోనివ్వలేదు. కొన్ని నెలలకే కంపెనీలు మనుషుల్ని తీసుకోవడం తగ్గించేశాయి. పరీక్షలయ్యాక సమ్మయ్య గది ఊడ్చి, తాళంచెవి మా అమ్మాయి చేతికిచ్చాడు. "పోయొస్త సార్" అన్నాడు... మళ్ళీ రాలేదు.

ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళ జేబులోనే ఉంది. ఒకరి బతుకు కబురు ఇంకొకరి ముందుగదిలో మోగే రోజులు పోయాయి. ఆ రోజులే బంగారమని ఈ ఫేస్‌బుక్ గ్రూపులో మీరంతా రాస్తుంటారు. కొంత నిజమే... మెట్లెక్కి పరుగెత్తే పిల్లలు ఇప్పుడెక్కడున్నారు? మీలో పి.పి. నంబరు మీద ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళుంటే, మీ కబురు అందించినవాళ్ళ పేర్లు కింద రాయండి. అందించనివాళ్ళ పేర్లు కూడా రాయండి, మొహమాటపడకండి.

నేనెందుకు రాశానంటే... మొన్న మా చుట్టాల గ్రూపులో ఈ పిల్లి సంగతి జోకుగా వచ్చింది. సమ్మయ్య పేరు లేదు, పోయిన ఉద్యోగం ఊసు లేదు. కింద వరసగా నవ్వు బొమ్మలు.

ఆ సాయంత్రం నేనూ నవ్వాను, కాదనను. ఎవరి మీద నవ్వానో తెలిసిన క్షణం నుంచి మళ్ళీ నవ్వలేదు. తెలిసి కూడా ఇన్నేళ్ళుగా నవ్వుతున్నవాడు, ఆ జోకు పెట్టినవాడు ఒకడే... నా భార్య తమ్ముడు, చలపతి.