సూదికి ముందు పథ్యం

మా బావ ఉగాండా పోవాలంటే ముందు ఆయన భుజానికి ఎల్లో ఫీవర్ టీకా పడాలి. అది లేనిదే ఆ దేశంలో కాలు పెట్టనివ్వరు. బావ బోధన్ దిక్కు చక్కెర మిల్లుల్లో ప్యాన్‌మన్. అంటే చెరుకు రసం ఉడికి ఉడికి గింజ కట్టే ఘడియను కంటితో పట్టుకునే మనిషి. పాకాన్ని గాజుముక్క మీద వేసి ఆయన ఒక్క చూపు చూస్తే చక్కెర గింజలు భయంతో వరుసలో నిలబడేవి. మిల్లు మూతపడ్డాక ఆ ప్రతాపమంతా మా అక్క అరిసెల పాకం మీద పడింది. ఆ అరిసెలతో ప్రహరీ గోడ కట్టుకోవచ్చు.

ఉగాండాలోని ఒక మిల్లు ఆయన్ను రమ్మన్నది. చెరుకు ఆడడం మొదలయ్యే రోజుకల్లా అక్కడ ఉండాలి, లేకుంటే ఆ కొలువు నాందేడ్ మనిషికి పోతుంది. ఆ నాందేడాయన పెట్టె సర్దుకుని, పెట్టె మీదే కూర్చుని ఉన్నాడని మాకు కబురు. హైదరాబాద్ క్లినిక్‌లో ఈ టీకా వారానికొక్కసారే వేస్తారు. టీకా వేసిన పది రోజులకు గానీ దాని కాగితం చెల్లదు. ఈ వారం తప్పితే, అది చెల్లుబాటయ్యే లోపే విమానం ఎగిరిపోతుంది.

పొద్దున్నే బోధన్‌లో బస్సెక్కాం. అక్క కట్టిచ్చిన అన్నం సంచి బావకంటే బరువుగా ఉంది.

క్లినిక్‌లో ఆఫ్రికాకు పోయేవాళ్లంతా పెళ్లిచూపులకు వచ్చినట్టు ఇస్త్రీ బట్టల్లో కూర్చున్నారు. మా వంతు వచ్చింది. డాక్టరమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"గుడ్డు తింటారా?"

"ముట్ట మేడమ్! వాసన గూడ సూడలే," అన్నాడు బావ, పరీక్షలో ఫస్టు వచ్చినవాడిలా.

"తింటే ఏమవుతుంది?"

"ఒళ్లంత వేడి జేస్తది. దురద లేస్తది. చెయ్యి ఇంత లావు ఉబ్బుతది," అని బావ గాలిలో గుమ్మడికాయంత చెయ్యి గీశాడు.

డాక్టరమ్మ పెన్ను మూసింది. "ఈ టీకా మందును గుడ్లలోనే తయారు చేస్తారు. గుడ్డు పడనివాళ్లకు వేయకూడదు. మీకు కుదరదు."

బావ ముఖంలో నెత్తురు లేదు. నాకు అప్పుడు వెలిగింది. సూది అనగానే మా ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. కుక్క కరిచినా, జ్వరమొచ్చినా సూది పడిందంటే గుడ్డు, మాంసం, వంకాయ, గోంగూర బంద్. ఇది విదేశీ సూది కాబట్టి అక్క ముందు నుంచే బంద్ పెట్టింది. బావ చెప్పిందంతా అక్క బెదిరింపులే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

"మేడమ్, ఆయనకు గుడ్డు పడుతుంది," అన్నాను. "మా పెళ్లిలో ఒక గంపెడు తిన్నాడు."

"గంపెడా?"

"చిన్న గంప. ఆ తర్వాత మా వీధి కోళ్లు సిగ్గుతో గుడ్లు పెట్టడం మానేశాయి."

డాక్టరమ్మ నన్ను చూసిన చూపులో నాకు కూడా ఏదో టీకా వేయాలన్న ఆలోచన కనిపించింది. "విమానం కోసం చుట్టాలు ఏమైనా చెబుతారు. ఇది ప్రాణంతో పని."

బావ నా మోకాలు గిల్లాడు. "నీ కతలు బంద్ వెట్టు బామ్మర్ది. నా కొలువు వోతది."

ఇక ఇంటికే ఫోన్ కలిపాను. "అక్కా, డాక్టరమ్మ అడుగుతున్నది. ఉన్నదున్నట్టు చెప్పు."

డాక్టరమ్మ ఫోన్ తీసుకుంది. "అమ్మా, మీ ఆయనకు గుడ్డు తింటే దద్దుర్లు వస్తాయా?"

"దద్దుర్లా? కంచంల గుడ్డు లేకుంటే మాకే దద్దుర్లు తెప్పిస్తడు మేడమ్! సూది పడుతదని నేనే బంద్ వెట్టిన. నాలుగు దినాల సంది అలిగి నాతోని మాట్లాడుతలేడు."

"ఎప్పుడైనా తిన్నాక ఊపిరి ఆడకపోవడం, వాపు..."

"ఏం లేదు. గుర్రు వెడుతడు, గంతే."

డాక్టరమ్మ ఇంకా చాలా ప్రశ్నలు వేసింది. అక్క అన్నిటికీ జవాబు చెప్పి, అడగనివి కూడా రెండు చెప్పింది. చివరకు డాక్టరమ్మ పెన్ను తెరిచింది. సూది పడింది. నా లెక్కలో అది గునపమంత ఉంది, బావ మాత్రం చీమ కుట్టినట్టే ఉందన్నాడు. అరగంట కూర్చోబెట్టి, ఏమీ కాలేదని చూసి, పసుపు రంగు కార్డు చేతిలో పెట్టారు.

"భద్రంగా పెట్టుకోండి. ఇది జీవితాంతం చెల్లుతుంది," అన్నది డాక్టరమ్మ.

బావ కార్డును ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు.

"జీవితాంతమా? ఇన్నేండ్లు మిల్లోళ్లు చెరుకు సీజన్‌కు పిలిచిండ్రు, సీజన్ అయినంక ఇంటికి తోలిండ్రు. పర్మనెంట్ అన్న మాట నాకు గీ సూదితోనే వచ్చింది బామ్మర్ది."

తిరుగు బస్సులో కిటికీ సీటు ఆయనకే ఇచ్చాను. డిచ్‌పల్లి దాటేదాకా టీకా పడిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎవరూ తగలకుండా కాపాడుకుంటూ కూర్చున్నాడు.