మంగళం పాడని హరికథ

మా ఎదురింటి హరిదాసుగారు పోయారు. మొన్న బుధవారం మధ్యాహ్నం, కరెంటు పోయిన వేళ, వీధి అరుగు మీద పడక్కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వాలిపోయారు. వడదెబ్బ అన్నాడు డాక్టరు. ఎనభై దాటిన మనిషి కదా అని వీధిలో అందరూ సర్దిచెప్పుకున్నారు. నాకు మాత్రం సర్దుకోబుద్ధి కాలేదు. ఏలూరు ఎండ మనిషిని కుర్చీలోనే పట్టుకుపోయే రోజులొచ్చాయని, ఉంటే ఆయనే ఒక పిట్టకథ కట్టేవారు.

అందరం ఆయన్ని దాసుగారనే పిలిచేవాళ్లం. తాడేపల్లిగూడెం నుంచి కలిదిండి దాకా ఆయన హరికథ చెప్పని ఊరు లేదు. కథ ఉన్న రోజున శొంఠి కషాయం తప్ప మరేమీ పుచ్చుకునేవారు కాదు. లేని రోజున అరుగు మీద చిడతలు తుడుచుకుంటూ కూర్చుని, బడి నుంచి వస్తున్న నన్ను ఆపేవారు. "ఏవమ్మా టీచరమ్మా, ఇవాళ క్లాసులో పిల్లలు నిద్రపోయారా, నువ్వు నిద్రపోయావా?" అని ఆటపట్టించేవారు. జనం కునికిపాట్లు పడుతుంటే మధ్యలో చెప్పి లేపేదే పిట్టకథ. ఆయన చెప్పిన పెద్ద కథలు మరిచిపోయినవాళ్లున్నారు గానీ, తమ్మిలేరు పిట్టకథ మరిచిపోయినవాళ్లు మా వీధిలో లేరు.

ఆ కథలో తమ్మిలేరు పొంగి మా వీధి మలుపు దాకా వస్తుంది. ఆడవాళ్లంతా పసుపు కుంకుమలతో ఎదురెళ్లి, "పుట్టింటికొచ్చిన ఆడపడుచువమ్మా, సారె పుచ్చుకుని చల్లగా వెళ్లు తల్లీ" అంటారు. ఏరు సారె అందుకుని, నేను పాఠాలు చెప్పే బడి గేటు దగ్గరే వెనుదిరిగి కొల్లేట్లోకి వెళ్లిపోతుంది. ఈ ఒక్క పిట్టకథను ఆఖర్న ఉంచుకుని, దాని మీదే మంగళం ఎత్తుకునేవారు. హారతి పళ్లెం తిరిగేది. "మంగళం పాడకుండా కథ ముగించకూడదమ్మా. జనం దిగులు మోసుకుని ఇంటికెళ్తారు" అనేవారు.

కొన్నేళ్ల కిందట మా ఊరికి వాతావరణ ప్రణాళిక రాస్తామని ఒక బృందం వచ్చింది. వానలు మారిపోయాయి, నెల వాన ఒక్క పూటలో పడుతోంది, వరదొస్తే జనం ఎక్కడికి చేరాలో ముందే రాసిపెట్టుకోవాలి అన్నారు. అంతవరకు బాగానే ఉంది. మ్యాపులు ఎలాగూ ఉన్నాయి, జనం నోట కథలు కూడా కావాలన్నారు. కల్యాణ మండపంలో సభ పెట్టి దాసుగారిని పిలిచారు. ఆయన తమ్మిలేరు కథ చెప్పి మంగళం పాడారు. సభంతా చప్పట్లు.

"అయితే నీళ్లు బడి గేటు దాటి రావన్నమాట. వరద శిబిరం ఆ బడిలోనే పెడదామండీ" అన్నాడు బృందం పెద్ద.

వేదిక దిగబోతున్న దాసుగారు గబగబా మైకు దగ్గరికొచ్చారు.

"ఏవండీ, ఆగండి. అది కథండి. మంగళం పాడాలి కాబట్టి ఏరు వెనక్కెళ్లిందండి. నిజంగా వెళ్లలేదండి. నా చిన్నతనంలో ఆ బడి కిటికీలు మునిగిపోయాయండి. మా అక్క అక్కడే పోయిందండి."

అప్పుడు మా మూలింటి అత్తయ్యగారు లేచారు. ఆవిడతో నాకు బంధుత్వమేమీ లేదు, వీధంతా అలాగే పిలుస్తుంది. భుజం పట్టేసి కుడిచెయ్యి పైకి లేవదు కనుక ఎడమచెయ్యి ఎత్తి అడిగారు.

"అదేంటండి దాసుగారూ! నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ వింటున్నాను కదండీ, గేటు దగ్గరే తిరిగిపోతుందని. ఇప్పుడిలా అంటారేంటండి? పెద్దవారయ్యారు, తడబడుతున్నారు."

అందరూ నవ్వారు, ప్రేమగానే. బడి దగ్గర్లోనే ఉంది, ముసలివాళ్లు కూడా నడిచి వెళ్లగలరు, పైగా ఏరు రాదు. నచ్చిన కథే ప్రణాళికలోకి ఎక్కింది. సారె పళ్లెం పట్టుకున్న ఆడవాళ్ల బొమ్మ కూడా వేశారు, రంగుల్లో. దాసుగారు శిబిరం మార్చమని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి వచ్చి, "అంత బాగా చెప్పానంటావా అమ్మా?" అని నన్నడిగారు.

వరద వచ్చింది. కొల్లేరు అప్పటికే నిండి ఉంది, చేపల చెరువుల గట్లు అడ్డం, నీళ్లు దిగువకు పోలేదు. ప్రణాళికలో రాసినట్టే అందరం బడికి బయల్దేరాం. దాసుగారు గేటుకు అడ్డంగా నిలబడి, "లోపలికెళ్లకండి, కాలేజీ మెరక మీదికి పదండి" అని గొంతు పోయేలా అరిచారు. కొందరమే విన్నాం. మా అమ్మను రిక్షా ఎక్కించి మెరకకు తోలించింది ఆయనే. ఈ ఉదయం మా అమ్మ కాఫీలో పంచదార తక్కువైందని నా మీద విసుక్కుందంటే అది ఆయన చలవే.

అత్తయ్యగారి భర్త మోకాళ్ల నొప్పులతో అంత దూరం నడవలేనన్నారు. ఆయన్ని తరగతి గదిలో బల్ల మీద కూర్చోబెట్టి, ఆవిడ మందుల సంచీ కోసం ఇంటికెళ్లారు. సాయంత్రానికి నీళ్లు కిటికీలు ముంచేశాయి. పడవ వెళ్లేసరికి ఆయన లేరు. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఎవరి మీదంటే చెప్పలేను. ఆ అందమైన కథ మీదే కావచ్చు.

శిబిరం బోర్డు తర్వాత కాలేజీకి మారింది. దాసుగారు ఆ కథే చెప్పారు, అయితే మంగళం మానేశారు. ఆడవాళ్లు సారె ఇస్తారు. "పుచ్చుకుంది. ఆగలేదు" అనేవారు. చిడతలున్న చేతిని తలపైకి, కిటికీ మునిగినంత ఎత్తుకు లేపి అలాగే నిలబడిపోయేవారు. పళ్లెంలో కర్పూరం వెలిగేది కాదు. జనం లేవాలో కూర్చోవాలో తెలియక చూసేవారు. అలాంటి కథకు ఎవరు పిలుస్తారు? పెంటపాడువాళ్లు ఒకసారి పిలిచి, మళ్లీ పిలవలేదు. ఆ మాటే అంటే, "దిగులు మోసుకెళ్లనీ అమ్మా. వానొచ్చిన రోజున అదే వాళ్లని లేపుతుంది" అన్నారు.

అత్తయ్యగారు మాత్రం ఆ వరద తర్వాత ఆయనతో మాట్లాడలేదు. ఆయన అరుగు మీద ఉంటే తల వంచుకుని వెళ్లిపోయేవారు.

గురువారం ఉదయం దాసుగారిని తీసుకెళ్లే ముందు, కూతురు చిడతలు ఆయన గుండెల మీద పెట్టింది. శిష్యుడొకాయన గొంతు సవరించుకుని మంగళం ఎత్తుకోబోయాడు.

"వద్దు నాయనా" అన్నారు అత్తయ్యగారు, తన గుమ్మంలోంచి.

అని, లేవని ఆ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, పళ్లు బిగించి తలపైకి లేపారు. పాడె బడి గేటు దాటేదాకా దించలేదు.