అమ్మ లేచి నిలబడేలోగా

పక్క గదిలో ఉన్న అల్లుడికి మజ్జిగ కావాలో వద్దో కనుక్కోవడానికి మా అమ్మ ఆదిలక్ష్మి, ఆసుపత్రి ల్యాబులో పనిలో ఉన్న నాకు ఫోన్ చేసేది. నేను పని ఆపుకుని ఆయనకు ఫోన్ చేసి అడగాలి. కావాలంటే మళ్ళీ అమ్మకు చేసి చెప్పాలి. ఈలోపు ఆయనే గ్లాసు కోసం వంటింట్లోకి వస్తే, అమ్మ బాల్కనీలోకి వెళ్ళిపోయేది. జర్మనీలోని కెమ్నిట్జ్‌లో మాది రెండు గదుల ఇల్లు. అందులో అంత మర్యాద పట్టే చోటు లేదు.

అల్లుడితో ఎదురుపడి మాట్లాడకూడదని అమ్మకు ఎవరూ చట్టం రాసివ్వలేదు. వాళ్ళమ్మ మాట్లాడలేదు, అత్తగారు మాట్లాడలేదు, కాబట్టి ఈవిడా మాట్లాడదు. ఆయన వస్తే లేచి నిలబడాలి, గోడ వారకు జరగాలి. మేము కాకినాడ వెళ్ళిన నాలుగు రోజులూ అది బాగానే చెల్లేది. కానీ 2020 మార్చిలో మమ్మల్ని చూసి పోదామని వచ్చిన అమ్మ, కరోనాతో విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుకుపోయింది. నా ల్యాబు పని ఇంట్లో కూర్చుని చేసేది కాదు. మా ఆయన సుమంత్‌కేమో ఆఫీసు ఇంటికే వచ్చేసింది. రోజంతా ఇంట్లో వాళ్ళిద్దరే. మధ్యలో టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉద్యోగం కూడా నాకే. నాకు ఒళ్ళు మండేది.

అమ్మ కాకినాడలో పిల్లలకు సంగీతం చెబుతుంది. నాన్న పోయాక సాయంత్రం పూట ఆ ఇంట్లో సరళీ స్వరాలు వినబడబట్టే ఆవిడ కోలుకుంది. ఈ మాట ఆవిడ అనదు, నేను అంటున్నాను. పక్క వీధిలో ఇంకో టీచరు ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టిందనీ, పిల్లల తల్లులు అటు చూస్తున్నారనీ సీతారత్నం గారు ఫోన్‌లో చెప్పింది. ఆవిడ మనవరాలు అమ్మ శిష్యురాలే. ఆ రాత్రి అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. పిల్లలు చెయ్యి జారిపోతే ఆవిడ తిరిగి వెళ్ళేది ఖాళీ ఇంటికే.

మొదట ఫోన్‌లోనే వీడియో కాల్ యాప్ పెట్టుకుని పాఠం చెప్పి చూసింది. అంత చిన్న తెర మీద పిల్లల చేతులు కనబడవు, తాళం ఎవరు తప్పుతున్నారో తెలియదు. పైగా ఆ యాప్ శ్రుతిపెట్టె నాదాన్ని ఏదో గోల అనుకుని నొక్కేసేది. అలా నొక్కకుండా చేసే సెట్టింగు విండోస్‌లో ఉందని సుమంత్ కనిపెట్టాడు. ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంకొకరు ముట్టుకోకూడదు. ఇక మిగిలింది ఇక్కడి యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఆయన కొనుక్కున్న పాత కంప్యూటర్. అందులో ఉన్నది విండోస్ కాదు, దాని బదులు వాడే లినక్స్. లినక్స్ మీద ఉన్న ప్రేమలో సగం నా మీద ఉన్నా నాకు చాలు. దాన్ని తీసేయడానికి మనసొప్పక, పక్కనే విండోస్ కూడా ఎక్కించి, కంప్యూటర్‌ను హాల్లో అమ్మ కోసం పెట్టాడు.

అలా రెండూ ఉన్న కంప్యూటర్ ఆన్ చేస్తే, ముందుగా నల్ల తెర మీద రెండు పేర్లు వస్తాయి. ఏది తెరవమంటారని అడిగే ఆ చిన్న ప్రోగ్రామును బూట్ లోడర్ అంటారు. అది పది లెక్కపెడుతుంది. ఆలోగా మనం చెప్పకపోతే లినక్స్ తెరిచేస్తుంది. కింది బాణం నొక్కి ఎంటర్ కొట్టమని అమ్మకు నేర్పాను. చక్కగా నేర్చుకుంది. అయినా క్లాసు వేళకు లినక్సే తెరుచుకునేది. అమ్మ నాకు ఫోన్ చేసేది, నేను సుమంత్‌కు చేసేదాన్ని. క్లాసు ఆలస్యమయ్యేది.

సంగతేమిటో తేల్చుకోవాలని ఒక సెలవు రోజు దగ్గర కూర్చుని చూశాను. అమ్మ కంప్యూటర్ ఆన్ చేసింది. సరిగ్గా అప్పుడే సుమంత్ కాఫీ కోసం గదిలోంచి వచ్చాడు. అమ్మ లేచి నిలబడి గోడ వారకు జరిగింది. ఆయన వంటింట్లోకి వెళ్ళేదాకా కదల్లేదు. ఈలోపు పది అంకెలూ అయిపోయి లినక్స్ వచ్చేసింది.

"కూర్చునే నొక్కచ్చు కదమ్మా!" అన్నాను.

"అల్లుడుగారు నడిచెళ్తుంటే కుర్చీలో కూచోమంటావా? బావుంటుందిటే?"

ఆవిడతో వాదించి లాభం లేదని సుమంత్‌ను పట్టుకున్నాను. "ఆ టైమర్ తీసెయ్యండి, గొడవ వదిలిపోతుంది."

"టైమర్ ఒక్కటే ఎందుకు వైశాలీ, బూట్ లోడరే మార్చేస్తా. కొత్తదాన్లో పేర్లకు బదులు బొమ్మలు పెట్టుకోవచ్చు. ఆవిడ విండోస్‌కి తంబురా, నా లినక్స్‌కి దాని గుర్తు పెంగ్విన్," అన్నాడు, ముఖం వెలిగిపోతుండగా. ఒక్క అంకె మారిస్తే పోయే పనిది. ఆయనకు అలాంటి పనులు నచ్చవు.

శనివారం నేను డ్యూటీలో ఉండగా ఆ శుభకార్యం మొదలుపెట్టాడు. కొత్తది లేస్తుందో లేదో చూసుకున్నాక కదా పాతది తీయాలి! ఈయన ముందు పాతది తుడిచేశాడు. కంప్యూటర్ ఆన్ చేస్తే లినక్సూ లేదు, విండోసూ లేదు. తెరవడానికి ఏమీ దొరకలేదని ఒకే ఒక ఇంగ్లీషు వాక్యం. క్లాసు వేళ దగ్గర పడింది. అమ్మ ముఖం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, శ్రుతిపెట్టెతో హాల్లోకి వచ్చింది. ఇద్దరూ నాకే ఫోన్ చేశారు. ఆ రోజు ఫోన్ తీసుకెళ్ళనివ్వని గదిలో నా డ్యూటీ, అది ల్యాబు లాకర్‌లో ఉంది.

ఆ తర్వాత జరిగింది వాళ్ళిద్దరూ విడివిడిగా చెప్పగా నేను కలుపుకున్నది. సుమంత్ గోడ గడియారంతో, "కంప్యూటర్ కొంచెం మొరాయిస్తోంది," అన్నాడట. అమ్మ కిటికీ తెరతో, "పిల్లలు వచ్చి కూచునుంటారు," అందట. చివరికి సుమంత్ తిన్నగా ఆవిడ వైపు తిరిగి, "అత్తయ్యగారూ, ఈ ఫోన్ పట్టుకుని కాస్త చదివి పెడతారా? చూస్తూ కొట్టలేకపోతున్నా," అన్నాడు.

పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లేపి, కొత్త బూట్ లోడర్‌ను దాని చోట సరిగ్గా పెట్టాలి. అందుకు కొట్టాల్సిన కమాండ్లు ఫోన్‌లో ఉన్నాయి. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పక్క కుర్చీలో కూర్చుంది. ఒక్కొక్క అక్షరమే చదవసాగింది. ఖాళీ వస్తే "ఖాళీ" అంది, స్లాష్ వస్తే "ఏటవాలు గీత" అంది. సుమంత్ కంగారులో ఆవిడ చదవకముందే కొట్టేశాడు. కంప్యూటర్ కాదు పొమ్మంది.

"నేను అనకముందే ఎందుకు కొట్టావు?" అంది అమ్మ. ఇన్నేళ్ళలో ఆయన్ని "నువ్వు" అనడం అదే మొదలు. "తొందరపడకు నాయనా. మొదట్నుంచీ రా. నాతో పాటే."

మళ్ళీ మొదలుపెట్టారు. అమ్మ తొడ మీద తాళం వేస్తూ చదివింది, ఆ తాళానికే ఆయన కొట్టాడు. ఈసారి తప్పలేదు. ఆఖరున టైమర్ దగ్గర సుమంత్ చెయ్యి ఆపాడు.

"ఎంతసేపు ఆగమందాం అత్తయ్యగారూ?"

"మనిషొచ్చి చెప్పేదాకా ఆగమను. దానికేం రైలుందా?"

డ్యూటీ అయ్యాక లాకర్ తెరిచి ఫోన్ చూస్తే ఇద్దరి పేర్లతో వరసగా మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఇద్దరూ ఎత్తలేదు. ట్రాములో మాస్కు సర్దుకుంటూ మళ్ళీ మళ్ళీ చేశాను. ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరు ఎక్కడ పడిపోయారో అనుకుంటూ మెట్లెక్కి తలుపు తెరిచాను.

లోపల మాయామాళవగౌళ రాగంలో పాఠం నడుస్తోంది. కంప్యూటర్ నిండా పిల్లలు, వాళ్ళ చేతులు. ఎదురుచూసి ఇద్దరు వెళ్ళిపోయారట. మిగతావాళ్ళు సీతారత్నం గారి మనవరాలి వెనక పాడుకుంటూ కూర్చున్నారట. అమ్మ గొంతు హాయిగా ఉంది.

నేను ఇంకా బూట్లు విప్పుతూనే ఉన్నాను. సుమంత్ కాఫీ కప్పు పట్టుకుని గదిలోంచి బయటికి వచ్చాడు. అమ్మ లేచి నిలబడుతుందని అలవాటుగా అటు చూశాను. అమ్మ లేవలేదు. కుడి చెయ్యి తాళం వేస్తూనే ఉంది. చప్పుడు చేయకుండా వెళ్ళమని ఎడమ చేత్తో ఆయనకు సైగ చేసింది. ఆయన బుద్ధిగా మునివేళ్ళ మీద నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళాడు. నాకు నవ్వు వచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

ఆ వారం ల్యాబులో నా ఫోన్ మోగలేదు. ఉండబట్టలేక నేనే చేసి, "ఆయనకు మజ్జిగ కావాలేమో అడగనా?" అన్నాను.

"అడిగాలే. నీ పని నువ్వు చూసుకో," అంది అమ్మ.

సెప్టెంబరులో విమానాలు దొరికి అమ్మ కాకినాడ వెళ్ళిపోయింది. వెళ్ళిన నెలలోనే ఇంట్లో మళ్ళీ క్లాసు పెట్టింది. ఆ శనివారం విసిగి పక్క వీధి టీచరు దగ్గరకు వెళ్ళిపోయిన ఇద్దరిలో ఒకమ్మాయి తిరిగి వచ్చింది కూడా. ఇక్కడ ఆ పాత కంప్యూటర్ ఆన్ చేస్తే ఇప్పటికీ తంబురా, పెంగ్విన్ పక్కపక్కనే వచ్చి, మనం చెప్పేదాకా ఆగుతాయి.

"ఇప్పుడు విండోస్ ఎవరూ వాడడం లేదు కదా, ఆ తంబురా తీసేయండి," అన్నాను ఒక ఆదివారం.

"ఉండు, అడిగి చెప్తా," అని సుమంత్ కాకినాడకు తనే ఫోన్ కలిపాడు.