నాలుగు నిమిషాల మామయ్య

సువా పట్నంలోని ఒక బడి లైబ్రరీలో ఉనైసి ఇరవై రెండేళ్లు పనిచేసింది. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం ఎవరైనా చేస్తారు. ఆమె గొప్పతనమంతా గోడవార ఉన్న ఇనప బీరువాలో ఉండేది. పై తరగతుల పిల్లలకు ఒక చిత్రమైన పాఠం ఉంది: మనకు తెలుసనుకునేది నిజంగా తెలుసా, ఎవరు చెబితే నమ్మాలి, ఎందుకు నమ్మాలి అని. ఉత్త మాటలతో చెబితే పిల్లలు ఆవలిస్తారు. లోకంలో జరిగిన సంగతి ఒకటి తెచ్చి కళ్లముందు పెట్టాలి. అందుకోసం ఉనైసి పత్రికలు కత్తిరించేది, రేడియో మాటలు రికార్డు చేసి దాచేది.

"ఉనైసీ, నమ్మకమెక్కడ ఆగుద్ది, జ్ఞానమెక్కడ మొదలవుద్ది అని వచ్చే వారం పాఠం. నీ బీరువాలో ఏమన్నా ఉందా తల్లీ?" అని ఎపెలీ మాస్టారు తలుపు దగ్గర నిలబడి బతిమాలాడు ఒకసారి.

"నా బీరువా లేకపోతే మీ నోట మాటే రాదు గదా మాస్టారూ!" అంది ఉనైసి.

ఆమెకు గర్వం ఉండేది. ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువే ఉండేది.

ఆ పాఠం కోసమే ఆమె కందవు దీవికి, అమ్మ పుట్టిన ఊరికి పడవెక్కింది. అక్కడ మేనమామ సైరుసి తుఫాను జాడలు చెప్పేవాడు. సీమపనస విరగకాసినా, కందిరీగలు నేలకు దగ్గరగా గూడు కట్టినా, అరటి మొవ్వు వంకర తిరిగినా పడవలు ఒడ్డు మీదికి లాగించేవాడు. ఊళ్లో ఎవరూ మారుమాట్లాడేవారు కాదు.

మామయ్య చాప మీద కూర్చుని యంగోన వేళ్లు దంచి కలిపిన నీళ్లు తాగుతూ చెప్పుకుపోతుంటే ఆమె ఫోను పక్కన పెట్టి రికార్డు చేసింది. ఎందుకో చెప్పలేదు, అడగనూ లేదు. ఆ దీవుల మనుషుల్లో మేనకోడలు వచ్చి మామయ్య పందిని విప్పుకుపోయినా, కొత్త చాప చుట్టుకుపోయినా ఎవరూ నోరెత్తరు. అది ఆమె హక్కు. మాట కూడా అలాంటిదే అనుకుంది ఉనైసి. కానీ పందిని తోలుకుపోయినవాళ్లు దాన్ని పదిమందిలో నిలబెట్టి, ఇది పందేనా కాదా అని చేతులెత్తించరు. ఆ తేడా ఆమెకు తట్టలేదు.

తరగతిలో మాస్టారు ముందు వాతావరణ శాఖ తుఫాను ప్రకటన, తర్వాత మామయ్య గొంతు వినిపించారు. ఏది జ్ఞానం అని అడిగితే ప్రకటనకు ఇరవై మూడు చేతులు లేచాయి, మామయ్యకు రెండు. ఎవరో కందిరీగలాగా ఝుమ్మన్నారు. తరగతంతా నవ్వింది. వెనక నిలబడిన ఉనైసి కూడా నవ్వింది. మామయ్య ఊరి పిల్ల లొసలీని ఆ తరగతిలోనే ఉంది. సెలవుల్లో కబురు ఊరికి చేరింది.

క్రిస్మస్‌కి ఉనైసి వెళ్లేసరికి మామయ్య రేవుకు ఎదురొచ్చాడు. "లావెక్కావే పిల్లా, పడవ నీ పక్కకే ఒరిగింది!" అని ఎప్పటిలాగే ఆటపట్టించాడు. కొబ్బరిపాలలో ఉడికించిన చేప పెట్టించాడు.

"ఈ ఏడు సీమపనస ఎట్లా కాసింది మామయ్యా?" అని అడిగిందామె.

ఆయన చేతిలో గిన్నె కింద పెట్టాడు. "రేడియో వినమ్మా. తెలిసినోళ్లు చెప్తారు. నాది ఉత్త నమ్మకమంటగా."

"నవ్వులపాలు చెయ్యాలని కాదు మామయ్యా..."

"నీ హక్కు, తీసుకున్నావు. నేనేమన్నా అన్నానా? తిను, చల్లారిపోద్ది."

ఆయన కోపంగా అని ఉంటే బాగుండేదని ఆమె తర్వాత ఎన్నోసార్లు అనుకుంది. చెయ్యాల్సింది ఆమెకు తెలియనిది కాదు. యంగోన వేళ్ల కట్ట తెచ్చి, ఊరి పెద్దల మధ్య ఆయన ముందు పెట్టి, తల వంచి తప్పయిందని చెప్పుకోవాలి. ఆయన దాన్ని తాకితే క్షమించినట్టే, అక్కడితో సరి. సువా బజారులో కట్ట కొన్నది కూడా. కానీ ఊరందరి ముందు తల వంచడానికి మనసొప్పలేదు. వచ్చే ఏడు చూద్దాం అనుకుంది. ఆ మరుసటి ఏడూ అంతే. కట్ట బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయింది.

నాలుగో ఏడు ఆగస్టులో మామయ్య పోయాడు. ఉనైసి ఆ కట్టను ఆయన ముందు పెట్టి తల నేలకానించి ఏడ్చింది.

"ఇప్పుడెవరికే ఇస్తున్నావు?" అంది అత్త.

మూడో రోజు అత్తే ఆమెను పిలిచింది. పెద్దలంతా చాపల మీద కూర్చుని ఉన్నారు. "ఆయన జాడలు నీ ఫోన్లో ఉన్నాయంటగా. పెట్టవే. ఇక్కడెవరికీ పూర్తిగా రావు. మీ బడి సంగతి తెలిసిన తర్వాత ఆయన ఎవరికీ నోరిప్పి చెప్పలేదు."

ఉనైసి పెట్టింది. సీమపనస, కందిరీగలు, అరటి మొవ్వు. ముసలాళ్లు తలలూపుతూ విన్నారు. తర్వాత మామయ్య గొంతు తగ్గించాడు. "ఇయ్యన్నీ ఒక్కోసారి మోసం చేస్తయ్ పిల్లా. ముందు చూడాల్సింది ఇంకోటుంది. మా నాయన సముద్రం మీద నాకొక్కడికే చూపించాడు. అదేందంటే..."

"చాల్లే మామయ్యా," అంది ఫోనులోంచి ఉనైసి గొంతు హుషారుగా. "తరగతికి నాలుగు నిమిషాలు సరిపోతాయ్."

రికార్డు అక్కడితో ఆగిపోయింది. అత్త కాస్త ముందుకు జరిగింది.

"మిగతాది పెట్టవే," అంది.